అత్తగారు పాస్ చేసిన ఇంజను

డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన్ను ఊళ్ళో అందరూ నెమ్మది మాస్టారు అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన నోటినుంచి రోజుకు వందసార్లు వచ్చే మాట అదే. "నెమ్మది... నెమ్మది... క్లచ్చు నెమ్మదిగా వదలాలి." ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళను రోడ్డు మీద ఇట్టే పోల్చుకోవచ్చు. వాళ్ళ వెనక కనీసం ఆరు బండ్లు హారను కొడుతూ ఉంటాయి.

స్కూలు కారు కాక ఆయనకు సొంత కారు ఒకటి ఉంది. నాలుగు సిలిండర్లు, రెండు లీటర్ల ఇంజను, దానికి టర్బో. అంటే పొగగొట్టం గుండా వృథాగా పోయే గాలితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ ఊపుతో ఇంజను లోపలికి బయటి గాలిని బలవంతంగా కూరే ఏర్పాటు. పెళ్ళికి ముందు ఏదో ఆవేశంలో కొన్నాడు. కొన్ననాటి నుంచి నలభై దాటించలేదు. తనకు టర్బో ఉందన్న సంగతి ఆ కారుకే తెలియదని ఆయన భార్య అనేది.

ఒక ఆదివారం ఉదయం ఊరి బయట ఎత్తురోడ్డు ఎక్కుతుండగా వెనక నుంచి ఒక చిన్న కారు వచ్చి, పక్కకు జరిగి, ముందుకు దాటిపోయింది. పోతూ పోతూ అందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది.

"నమస్కారమండీ మాస్టారూ!"

ఆరు నెలల కిందట ఆయన దగ్గరే నేర్చుకున్న పళ్ళ డాక్టరమ్మ. లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పిన మనిషి.

మాస్టారికి ఏమనిపించిందో ఏమో, జీవితంలో మొదటిసారి ఆక్సిలరేటరును నేలకంటా తొక్కాడు. ఏమీ జరగలేదు. టర్బో నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, ఏమిటి సంగతి అని అడిగేలోపు డాక్టరమ్మ మలుపు తిరిగిపోయింది. తీరా అది లేచాక కారు ఒక్క ఊపు ఊగి 'టక' అంది. ఆ తర్వాత 'టకటకటక' అంది. మాస్టారు కారు పక్కకు తీసి, దిగి, బానెట్టు ఎత్తి, నడుం మీద చేతులు వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇంజను విప్పి చూసింది లేత్ మేస్త్రీ. ఊరి చివర రేకుల షెడ్డులో పాత ఇంజన్లకు ప్రాణం పోసే మనిషి. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది.

"బేరింగు నుజ్జయిపోయింది మాస్టారూ. క్రాంకు కూడా గీరుకుపోయింది," అన్నాడు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చే వంకీల ఇరుసే క్రాంకు. "ఇదిక పనికిరాదు. వేరేది వేయాల్సిందే. ఎలాగూ వేస్తున్నాం కదా..."

సంసారాలు కూల్చే మాటల్లో 'ఎలాగూ' అన్నది మొదటి వరసలో ఉంటుంది.

"ఎలాగూ వేస్తున్నాం కదా, పెద్ద వంకీలది వేద్దాం. ఇప్పుడు మీ పిస్టను ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు దిగుతోంది. వంద దిగేలా చేద్దాం. ఎలాగూ విప్పాం కాబట్టి సిలిండరు బోరు, అంటే లోపలి వెడల్పు, అది కూడా కాస్త పెంచుదాం. రెండు లీటర్ల ఇంజను రెండుంబావు దాటుతుంది. ఇంజను పెద్దదైతే పొగ ఎక్కువ వదుల్తుంది. పొగ ఎక్కువైతే టర్బో తొందరగా లేస్తుంది. ఇక మీరిలా తొక్కగానే..." మేస్త్రీ మాట ఆపి అరచేతులు రెండూ చరిచాడు. చరిచిన చేతుల్లో ఒకటి రివ్వున ముందుకు దూసుకుపోయింది.

మాస్టారి కళ్ళ ముందు డాక్టరమ్మ చెయ్యి ఊగింది.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు వారాలు."

మాస్టారి భార్య కోర్టులో స్టెనోగ్రాఫరు. ఎవరేమన్నా అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఆవిడతోపాటు ఆ ఉద్యోగం కూడా ఇంటికి వచ్చేది.

"పన్నెండు మిల్లీమీటర్ల కోసం కారంతా విప్పుతారా?" అంది సంగతి విని.

"క్షేమం కోసమేనోయ్. అవసరమైనప్పుడు తప్పించుకోవద్దూ?"

"ఎవరి నుంచండీ?"

మాస్టారు మాట మార్చాడు. "ఎంత, రెండు వారాల్లో అయిపోతుంది."

ఆవిడ ప్యాడు తీసి ఆ మాట రాసుకుని, కింద తేదీ వేసింది.

రెండు వారాలు పోయి ఐదు వారాలయ్యాయి. పార్సిళ్ళు వస్తూనే ఉన్నాయి. పిస్టన్లు సోఫా కింద చేరాయి. పిస్టన్లను క్రాంకుకు కలిపే రాడ్లు పుస్తకాల బీరువాలో నిఘంటువుల వెనక దాక్కున్నాయి. భోజనాల బల్ల మీద నూనె మరక ఒకటి పడి, రోజురోజుకూ ఏదో ఖండం పటంలా విస్తరించింది. మాస్టారు నోరు తెరిస్తే చాలు, భార్య ప్యాడు తిరగేసేది.

"ఈ నెల మూడో తారీఖున మీరన్నది: 'ఇంకొక్క వారం, ఒట్టు.' పదో తారీఖున: 'వారమని నేనెప్పుడన్నాను?' పదిహేడున: 'వారమంటే ఏడు రోజులనే అర్థమా?'"

"ఇంట్లో కూడా ఇదేం గోలే? నేను ముద్దాయినా?"

"ఇంకా కాదు. విచారణ నడుస్తోంది."

అలాంటి సమయంలో అత్తగారు ఫోను చేసింది. ఆవిడ ఉండే భవనంలో నీళ్ళ గొట్టాలన్నీ మారుస్తున్నారట, నెల రోజులు చుక్క నీళ్ళు రావట, రేపు బయల్దేరి వస్తున్నానంది.

అత్తగారు పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైంది. తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, బాగుంటే పాస్ అనీ, లేకపోతే రిజెక్ట్ అనీ తేల్చడం ఆవిడ పని. పాస్ అన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని చెప్పుకునేవారు. పనివాళ్ళు చాటుగా రిజెక్టమ్మ అనేవారు. పెళ్ళిచూపుల్లో మాస్టారిని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూసి, "చిన్న చిన్న లోపాలున్నాయి, వాడుకోవచ్చు," అన్నది ఆవిడే.

మర్నాడు అనుకున్న వేళకు రెండు గంటల ముందే దిగింది. చేతిలో పెట్టె పట్టుకుని నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చింది.

"అల్లుడుగారూ," అంది గొంతు తగ్గించి, "లోపల ఎవరో పడుకున్నారు. మొహం మీదికి దుప్పటి కప్పుకున్నారు."

మాస్టారు ఆవిడ చేతిలోని పెట్టె అందుకోబోయాడు. "ఎవరో కాదు అత్తయ్యగారూ... క్రాంకు."

భార్య కళ్ళు మూసుకుంది.

అత్తగారు లోపలికి వెళ్ళి దుప్పటి తొలగించింది. పదహారు కిలోల కొత్త ఇనుము, దిండు మీద తల ఆనించుకుని హాయిగా ఉంది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"ఇరవై రోజులుగా..."

"ఎవరైనా క్రాంకును పరుపు మీద పడుకోబెడతారా అల్లుడుగారూ? నడుం వంగిపోదూ? నిలబెట్టాలి!"

మాస్టారు తను విన్నది నిజమేనా అన్నట్టు భార్య వైపు చూశాడు. భార్య తల్లి వైపు చూసింది. తల్లి అప్పటికే చీర చెంగు బొడ్లో దోపి క్రాంకుకు ఒక కొస పట్టుకుంది.

ఆ రోజు నుంచి క్రాంకు ఆ గదిలో ఓ మూల నిలబడింది, పక్క మంచం మీద అత్తగారు పడుకుంది. ఆవిడ పెట్టెలో గాజుల డబ్బా ఒకటి ఉండేది. అందులో గాజులు లేవు. మఖమల్ గుడ్డలో చుట్టిన, వెంట్రుక మందాన్ని కూడా కొలిచే మైక్రోమీటరు ఉంది, ఒక కట్ట ఎర్ర చీటీలు ఉన్నాయి. తెల్లారి కిటికీ దగ్గర కూర్చుని, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, క్రాంకునంతా కొలిచింది. కాఫీ వేళకు మాస్టారి ముందు తీర్పు పెట్టింది.

"మూడో బేరింగు కూర్చునే చోట ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. వెంట్రుకలో మూడో వంతు తేడా. రిజెక్ట్."

"వెంట్రుకలో మూడో వంతేగా అత్తయ్యగారూ?"

"ఆ మాట అన్నవాళ్ళ పంపులన్నీ ఆర్నెల్లకు తిరిగొచ్చేవి," అని ఎర్ర చీటీ రాసి క్రాంకు మెడకు కట్టింది.

మాస్టారు, అత్తగారు, మెడలో చీటీతో క్రాంకు, ముగ్గురూ మేస్త్రీ షెడ్డుకు వెళ్ళారు. మేస్త్రీ సిలిండర్ల బోరు కోస్తున్నాడు. తలెత్తి అత్తగారిని చూశాడు. చెవి మీది సుద్దముక్క జారి కింద పడింది.

"అమ్మగారా!"

"మీరా?" అంది అత్తగారు. "ఇంకా ఈ పని చేస్తున్నారా?"

"మీరు రిటైరయ్యారని తెలిశాకే మళ్ళీ మొదలుపెట్టానండీ."

సంగతేమిటంటే, ఒకప్పుడు మేస్త్రీ పంపుల ఫ్యాక్టరీకి ఇరుసులకు తొడిగే చిన్న చిన్న బుష్షులు చేసి ఇచ్చేవాడు. నాలుగు వందల బుష్షులు పంపితే నాలుగు వందల పది తిరిగొచ్చాయి. ఆ పది ఎవరివో ఆయనకు ఈనాటికీ తెలియదు.

క్రాంకును మళ్ళీ సానబట్టారు. సిలిండర్లను అత్తగారు పైనా నడుమా అడుగునా, అటూ ఇటూ, ఒక్కోదాన్ని ఆరేసి చోట్ల కొలిచింది. "రెండోది బాగుంది. నాలుగోది అడుగున కోడిగుడ్డులా ఉంది." మేస్త్రీ మళ్ళీ రుద్దాడు. "ఇప్పుడు దోసగింజలా ఉంది." మళ్ళీ రుద్దాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ కొలిచే గేజి బయటికి తీసి, తుడిచి, "పాస్," అంది. మేస్త్రీ పక్కనున్న నూనె డబ్బా మీద కూలబడి, భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ గుడ్డకు గ్రీజు ఉన్న సంగతి చూసుకోలేదు.

సిలిండర్లన్నీ కలిసి ఉండే ఇనుప దిమ్మ, అదే బ్లాకు, మాస్టారి ఇంటి పక్క షెడ్డుకు చేరాక కొత్త చిక్కు వచ్చింది. పెద్ద వంకీల క్రాంకు కదా, చేత్తో తిప్పితే కనెక్టింగ్ రాడ్డు అడుగు భాగం పోయి బ్లాకు గోడకు 'టక్' మని తగిలింది. తగిలే చోట గోడను కాస్త చెక్కాలి. ఎక్కువ చెక్కితే ఇంజన్ను చల్లబరిచే నీళ్ళ దారి బయటపడుతుంది. ఎంత చెక్కాలన్న దాని మీద అత్తా అల్లుళ్ళు రెండు రోజులు వాదించుకున్నారు. మూడో రోజు భార్య కాగితాలకు పెట్టే జెమ్‌ క్లిప్పు ఒకటి తెచ్చి ఇచ్చింది.

"దీని తీగ దూరేంత సందు ఉంటే చాలని నిన్న పొద్దున అమ్మ అంది. సాయంత్రం మీరూ అదే అన్నారు. ఆ తర్వాత రాత్రి దాకా ఇద్దరూ ఒకే మాట మీద దెబ్బలాడుకున్నారు. నా దగ్గర రాతపూర్వకంగా ఉంది."

ఆనాటినుంచి ఆవిడ కూడా షెడ్డులో కుర్చీ వేసుకుంది. అత్తగారు కొలత చెబితే రాసుకునేది. మొదట్లో వాళ్ళ తగవులు తీర్చడానికే వచ్చానని చెప్పింది. కొన్నాళ్ళకు ఆ మాట చెప్పడం కూడా మానేసింది.

బిగింపు ఆదివారం పెట్టుకున్నారు. ఒక్కో పిస్టన్నూ రాడ్డుకు కలిపేది ఒక లావుపాటి పిన్ను. ఆ పిన్ను పక్కకు జరగకుండా అటొకటి ఇటొకటి చిన్న తీగ క్లిప్పులుంటాయి. మాస్టారు క్లిప్పు పెట్టి "పెట్టాను" అనాలి. అత్తగారు చూసి "పాస్" అనాలి. భార్య రెండూ రాసుకోవాలి. మూడు పూటలు పట్టింది. పిస్టన్లు లోపలికి దిగాయి, మూత పడింది, బోల్టులన్నీ వరస ప్రకారం బిగిశాయి. మాస్టారు చేతులు కడుక్కుని వచ్చి ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మేస్త్రీకి ఫోను చేసి, అయిపోయిందని చెప్పాడు.

భార్య షెడ్డు ఊడుస్తూ వంగి ఏదో తీసింది.

"ఏమండీ, ఇది నా తల క్లిప్పేమో చూడండి. నాది ఇంత సన్నగా ఉండదే?"

మాస్టారు చూశాడు. క్లిప్పుల ఖాళీ పొట్లం తీసి దులిపాడు. పొట్లంలో వచ్చినవి సరిగ్గా ఎనిమిది. అదనం లేదు. అది బయట ఉందంటే లోపల ఏదో ఒక పిన్నుకు ఒక పక్క కాపలా లేనట్టే. అలాగే స్టార్టు చేస్తే పిన్ను జరిగి జరిగి, సిలిండరు గోడను రంపంలా కోసిపారేస్తుంది.

"నేనే సరిగ్గా పెట్టలేదు," అన్నాడు గబగబా. "పెట్టగానే ఎగిరిపడి ఉంటుంది. తప్పు నాది."

అత్తగారు క్లిప్పును అరచేతిలోకి తీసుకుంది. "రాసింది చదవవే," అంది కూతురితో.

ఆవిడ తటపటాయించింది.

"చదవమన్నానా?"

"నాలుగో పిస్టను, వెనక క్లిప్పు. ఆయన: 'టిక్కుమందండీ, పెట్టాను.' నువ్వు: 'పాస్.'"

మాస్టారు ముందుకు జరిగాడు.

"అత్తయ్యగారూ, తప్పు చేసింది నేనైతే..."

"పనిచేసేవాడు తప్పు చేస్తాడు అల్లుడుగారూ. అందుకే కదా పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టేది. నేను చూడాలి. నేను చూడలేదు." ఆవిడ క్లిప్పును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. "చూశాను. అక్కడంతా మసకగా ఉంది. క్లిప్పు ఉండే ఉంటుందిలే అనుకుని పాస్ అనేశాను. ముప్ఫై ఒక్కేళ్ళలో అనుకుని పాస్ చేసింది ఒక్కటి లేదు."

ఎర్ర చీటీ ఒకటి తీసి, రాసి, దారంతో తన మైక్రోమీటరుకు కట్టింది. గాజుల డబ్బా మూసి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం మాస్టారు స్కూలు నుంచి వచ్చి ఒంటరిగా మూత విప్పాడు. నిజంగానే నాలుగో పిస్టను వెనక క్లిప్పు లేదు. అత్తగారు గది దాటి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ గొంతు వింటే ఉలిక్కిపడిన మనిషికి ఆ గొంతు లేక చెయ్యి ఆడలేదు. స్పానరు తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. "రింగులు ఇలాగేనా?" అని గాలిని అడిగాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మని కూతురు బతిమాలితే, "చూడ్డానికి ఏముందని," అని ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుందట.

మూడో రోజు మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. పిస్టన్లన్నీ మళ్ళీ దింపి, వెనక గది కిటికీ కిందికి ఇంజన్ను స్టాండుతో సహా లాక్కొచ్చి పెట్టుకున్నాడు. రాడ్ల బోల్టులు ఎనిమిది. సరిపడా బిగిశాక టార్కు రెంచి 'క్లిక్' మంటుంది. మాస్టారు ఒకటి బిగించాడు, క్లిక్. రెండు, క్లిక్. అలా ఏడు బిగించి, గట్టిగా దగ్గి, రెంచి బల్ల మీద చప్పుడయ్యేలా పడేశాడు.

"అయిపోయిందే! ఇక అడుగున నూనె గిన్నె మూసెయ్యడమే!" అని భార్యను కేకేశాడు.

కిటికీ రెక్క ఠపీమని తెరుచుకుంది.

"ఏడే! ఏడే వినపడ్డాయి! ఎనిమిదోది ఎవరు బిగిస్తారు, మీ నాన్నగారా?"

"ఎనిమిది బిగించానత్తయ్యగారూ."

"నాకు కళ్ళే మసక, చెవులు కాదు!"

అర నిమిషంలో ఆవిడ షెడ్డులో ఉంది. ఎనిమిదో బోల్టు వేలితో కదిపి చూసి, అల్లుడి మొహంలోకి చూసింది. ఆ మొహం అమాయకంగా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నిస్తోంది.

"కావాలనే వదిలేశారు కదూ?"

మాస్టారు తల గోక్కున్నాడు.

"క్లిప్పులు ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. మీరు రాలేదుగా."

"అయితే మళ్ళీ విప్పండి," అంది అత్తగారు. "చూపు లేకపోతే వేళ్ళున్నాయి. ఎనిమిదీ తడిమి చూడందే మూత వేయనివ్వను."

మూడోసారి విప్పమన్నందుకు అంత సంతోషించిన మెకానిక్కు ఎక్కడా ఉండడు. ఆవిడ ఒక్కో పిన్ను దగ్గర చిటికెనవేలు పెట్టి, క్లిప్పు చుట్టూ తిప్పి, గాడిలో కూర్చున్నదని తేలాకే పాస్ అంది. కొలతల చిట్టా మొదటినుంచీ మళ్ళీ తిరగదోడమంది. ఈసారి మైక్రోమీటరు ఆవిడ పట్టుకుంటే అంకెలు మాస్టారు చదివాడు. పాత లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. భార్య ప్యాడు మూస్తూ, "కంటి ఆసుపత్రికి గురువారం పది గంటలకు. ఇది కూడా రాశాను," అంది. అత్తగారు ఈసారి గోడ వైపు తిరగలేదు.

శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు ఆవిడ మొదట కూతురిని చూసి, "ఇన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయే నీకు?" అంది. తర్వాత అల్లుడిని చూసింది. "పెళ్ళిచూపులనాటికి ఈ పొట్ట లేదే!" అంది. ఇంటికొచ్చి గోడ మూల బూజు, బల్ల మీద ఖండం, కిటికీ ఊచల మీద తుప్పు, అన్నీ చూసి ఒక పూటంతా ఇల్లు రిజెక్ట్ చేస్తూ తిరిగింది. పలకరించడానికి వచ్చిన మేస్త్రీని చూసి మాత్రం జాలిపడింది.

"ఇంత ముసలివాళ్ళయిపోయారేమిటండీ?"

"మీరు తిప్పి పంపిన బుష్షులేనండీ," అన్నాడు మేస్త్రీ.

ఇంజన్ను కారులోకి దింపిన రోజు నలుగురూ షెడ్డులో నిలబడ్డారు. మాస్టారు తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది, మూలిగి మూలిగి ఒక్కసారి గట్టిగా తుమ్మింది, ఆ తర్వాత అందుకుంది. లోతైన, నిండైన గొంతు. అత్తగారు చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఒక కొస బ్లాకుకూ, ఇంకో కొస చెవికీ ఆనించి నాలుగు సిలిండర్లూ విని, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత గొప్ప సంగతో అర్థమైన మేస్త్రీ మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

కొత్త ఇంజను మొదటి పదిహేను వందల కిలోమీటర్లు తొందరపెట్టకూడదు. ఆ పనికి భూమ్మీద మాస్టారిని మించిన మనిషి లేడు. రెండు నెలలు నలభైలోనే తిప్పాడు. అత్తగారి భవనంలో నెల అన్న గొట్టాల పని కూడా అదే వేగంతో సాగుతోంది. ఆ తర్వాత మేస్త్రీ ఎరిగిన కంప్యూటరు మనిషి ఒకడు వచ్చి, కొత్త కొలతకు తగ్గట్టు పెట్రోలు లెక్కలు సరిచేసి వెళ్ళాడు. ఒక ఆదివారం ఉదయం మాస్టారు, పక్కన అత్తగారు, వెనక సీట్లో భార్య, ఎత్తురోడ్డుకు వెళ్ళారు. రోడ్డు ఖాళీగా ఉంది. మాస్టారు ఊపిరి బిగబట్టి తొక్కాడు.

ఈసారి టర్బో ఏమిటి సంగతి అని అడగలేదు. సీటు వీపును తన్నింది. చెట్లు కలిసిపోయి ఆకుపచ్చ గోడ అయ్యాయి. ముందుటద్దంలో ఆకాశం ఒక్కటే కనిపించింది. సరిగ్గా నాలుగు సెకన్లు. మాస్టారు కాలు తీసి, బ్రేకు మీద పెట్టి, కారు ఆపి, దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"ఏమైందండీ?" భార్య పరుగెత్తుకొచ్చింది. "ఇంజనుకేమైనా..."

"ఇంజనుకేం కాలేదు. నాకే భయమేసింది," అన్నాడు మాస్టారు. "అసలు దీన్ని ఎందుకు చేశానోయ్? చేస్తున్నన్నాళ్ళూ ఎంత బాగుందో! నడుపుతుంటే ఏం బాగాలేదు."

అత్తగారు కారు దిగలేదు. అద్దం దించి, "బండిలో లోపం లేదు," అని మాత్రం అంది.

భార్య కాసేపు కారునూ, కాసేపు మొగుణ్ణీ చూసింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆయనే నేర్పాడు ఆవిడకు. లైసెన్సు బీరువాలో ఉంది. కోర్టుకు మాత్రం రోజూ రెండు బస్సులు మారి వెళ్తుంది.

"తాళం అందులోనే ఉందా?" అంది.

"ఉంది. ఎందుకు?"

ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచేసుకుంది. "అమ్మా, బెల్టు," అంది. కారు కదిలింది. మాస్టారు రాయి మీంచి లేచేసరికి మలుపు దగ్గర దుమ్ము తప్ప ఏమీ లేదు. కొండ పైనుంచి ఇంజను గొంతు, దాని మీద టర్బో ఈల, సన్నగా, ఆగకుండా వినిపించాయి. గేర్లు మారడం ఒక్కొక్కటిగా విన్నాడు. ఒక్కటీ తప్పు పడలేదు. వినడానికి ఎంతో బాగుందనిపించింది.

ఇరవై నిమిషాలకు తిరిగొచ్చారు. అత్తగారి ముడి ఊడిపోయి జుట్టంతా భుజాల మీద ఉంది. భార్య ముక్కు ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏమీ మాట్లాడవేం?" అన్నాడు మాస్టారు.

"రేపటినుంచి కోర్టుకు ఇందులోనే వెళ్తాను. ఇప్పుడు మీరు వెనక కూర్చోండి," అందావిడ.

వారం తర్వాత అత్తగారు తన ఇంటికి వెళ్ళిపోయింది, కూతురే కారులో దింపి వచ్చింది. తిరిగొచ్చిన కూతురి గొంతూ, ఫోనులో తల్లి గొంతూ బొంగురుపోయాయి కానీ దారిలో ఏం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు. అత్తగారు ఇప్పుడు వారానికి రెండు రోజులు మేస్త్రీ షెడ్డుకు వచ్చి బోర్లు కొలుస్తోంది. మేస్త్రీయే బతిమాలి పిలిపించుకున్నాడు. ఆవిడ వచ్చే రోజుల్లో షెడ్డు ముందే ఊడ్చి ఉంటుంది, పనిముట్లు వరసగా ఉంటాయి, మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుంటాడు. మాస్టారు స్కూలుకు బస్సులో వెళ్తున్నాడు. కిటికీ పక్క సీటు దొరికితే, బ్రేకు గురించీ క్లచ్చు గురించీ ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకుండా, దిగాల్సిన చోటు దాటిపోయేదాకా హాయిగా బయటికి చూస్తూ కూర్చుంటాడు.